పాత కారు వాటర్ పంపు: పేస్టు రాయాలా, వద్దా?



కారు గురించిన ప్రసంగమంటే మనకెందుకులే అని రేడియో కట్టేయకండి. నేను చెప్పబోయేది షోరూములో మెరిసే కొత్త కార్ల సంగతి కాదు. నాన్నగారు కొన్న అంబాసిడర్, మామగారు వదల్లేక వదల్లేక అల్లుడికి అప్పగించిన పద్మిని, పిల్లల చదువుల నాడు కొన్న మారుతి 800, ఇలాంటి బండ్లు మన కొరాపుట్, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఇళ్ళల్లో ఇంకా కనిపిస్తాయి. అంబాసిడర్ తయారీ ఉత్తరపారాలో 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా ఆ ఏడాదే ఆగింది. పద్మిని అంతకు చాలా ముందే. బండి చెయ్యడం ఆగిందే కాని నడపడం ఆగలేదు. పెళ్ళిళ్ళకు, గుడికి, పక్క ఊరి చుట్టాలింటికి అవి ఇంకా కదులుతూనే ఉన్నాయి. కదిలే బండికి ఎప్పుడో ఒకప్పుడు వాటర్ పంపు పోకమానదు. అది మార్చేటప్పుడు పేస్టు రాయాలా వద్దా అనే ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది.

పేస్టు అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. రెండు లోహపు ముక్కలు కలిసేచోట నీళ్ళు కారకుండా రాసే పదార్థం. పుస్తకాల్లో సీలెంట్ అంటారు. ఒకప్పుడు మన మిస్త్రీలు షెల్లాక్ రాసేవారు. అంతకు ముందు సఫేదా. ఇప్పుడు ట్యూబుల్లో వచ్చే సిలికాన్ పేస్టు ఎక్కువ. దక్షిణాదిలో చాలా దుకాణాల్లో అనాబాండ్ ఇవ్వండి అని కంపెనీ పేరుతోనే అడుగుతారు. పేరేదైనా వాడే తీరు ఒకటే. ట్యూబు నొక్కుతారు, పళ్ళపొడి పేస్టులా బయటికి వస్తుంది, గాలి తగిలాక రబ్బరులా గట్టిపడుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చిక్కంతా ఆ ముచ్చటలోనే ఉంది.

వాటర్ పంపును కొందరు వాటర్ బాడీ అని కూడా అంటారు. ట్రాక్టరు నడిపేవారికి ఆ మాట బాగా అలవాటు. దాని పని చిన్నదే. రేడియేటర్‌లో చల్లబడ్డ నీటిని లాగి ఇంజినులోకి తోస్తుంది. ఆ నీరు సిలిండర్ల చుట్టూ, హెడ్డులో తిరిగి వేడిని తీసుకుని, థర్మోస్టాట్ అనే చిన్న తలుపు దాటి, పై హోస్ పైపులోంచి మళ్ళీ రేడియేటర్ పై ట్యాంకులోకి వెళుతుంది. అక్కడి నుంచి సన్నని గొట్టాల్లోంచి కిందకు దిగుతూ చల్లబడుతుంది. ఈ దారిని దయచేసి గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది. అంబాసిడర్‌లో ఈ పంపు ఇంజిన్ ముందు భాగాన బోల్టులతో బిగించి ఉంటుంది. దాని ఇరుసుకే ముందువైపు ఫ్యాను, పుల్లీ ఉంటాయి. ఫ్యాన్ బెల్టు తిరిగితే పంపూ తిరుగుతుంది, ఫ్యానూ తిరుగుతుంది. పంపుకీ ఇంజిన్ దిమ్మకీ మధ్య ఒక కాగితం ప్యాకింగ్ ఉంటుంది. దాన్నే గ్యాస్కెట్ అంటారు. మన చర్చంతా ఆ కాగితం గురించే.

అయితే పేస్టు మాట ఎత్తే ముందు చూడవలసింది ఒకటుంది. నీళ్ళు ఎక్కడినుంచి కారుతున్నాయి? పంపు దగ్గర తడి కనిపించగానే ప్యాకింగ్ పోయింది అనుకుంటాం. పంపు నుంచి నీళ్ళు కారే చోట్లు రెండు. ఒకటి ప్యాకింగ్ ఉన్న అతుకు. రెండోది పంపు ఒంటికి కింది వైపున ఉండే చిన్న రంధ్రం. ఈ రంధ్రం తయారీలో దొర్లిన లోపం కాదు, కావాలని పెట్టిందే. పంపు లోపల నీటి వైపు ఒక సీలు, దానికి ఇవతల బేరింగు ఉంటాయి. సీలు అరిగి నీళ్ళు దాటితే అవి బేరింగులోకి పోకుండా కిందికి జారిపోవడానికి ఆ దారి. అక్కడినుంచి బొట్లు పడుతున్నాయంటే లోపల సీలు పోయింది అని పంపు మీకు చెబుతున్నట్టు.

ఆ రంధ్రానికి ఎం-సీల్ పెట్టి మూసినవారిని నేను చూశాను. కారడం ఆగింది, బాగుపడింది అని సంతోషించారు. బయటికి పోయే దారి లేక నీళ్ళు బేరింగులోకి వెళ్ళాయి. గ్రీజు కడుక్కుపోయింది. కొన్నాళ్ళకు బేరింగు గుర్రుమంది, ఇరుసు ఊగింది. ఇరుసు ఊగితే ఫ్యాను ఊగుతుంది. ఫ్యాను ఎదుట నాలుగు వేళ్ళ దూరంలో రేడియేటర్ ఉంటుంది. తరవాతి కథ మీరే ఊహించుకోండి. కాబట్టి ముందు ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫ్యానును రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. లొడలొడలాడితే పంపే మార్చాలి. కింది రంధ్రం నుంచి కారుతున్నా పంపే మార్చాలి. బేరింగు గట్టిగా ఉండి, రంధ్రం పొడిగా ఉండి, అతుకు దగ్గర మాత్రమే తడి ఉంటే ప్యాకింగ్ మారిస్తే సరిపోవచ్చు. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికీ బయటినుంచి పులిమే పేస్టు మందు కాదు.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతే.

1994 మే నెల. మా అమ్మకు విశాఖపట్నంలో కంటి ఆపరేషన్ చేయించి తిరిగి తీసుకొస్తున్నాను. బండి 1976 మోడల్ అంబాసిడర్, అప్పటికే మూడు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. ప్రయాణానికి రెండు వారాల ముందు దాని వాటర్ పంపు నేనే మార్చాను. అప్పట్లో నాకు పుస్తకం చూసి రిపేరు చేసే సరదా పట్టుకుంది. విజయనగరం నుంచి కొత్త పంపు తెప్పించాను. దానితో వచ్చిన ప్యాకింగు పల్చగా, బలహీనంగా కనిపించింది. ఇది ఆగుతుందా అనిపించి, ట్యూబు పేస్టు కొని, ప్యాకింగుకు రెండు వైపులా జంతికలు వేసినట్టు వరసలు వరసలుగా వేశాను. బోల్టులు బిగించేసరికి అంచుల చుట్టూ పేస్టు తీగలా బయటికి వచ్చింది. దాన్ని వేలితో నున్నగా తుడిచి, పని బాగా కుదిరిందని మురిసిపోయాను. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే వెళ్ళి ఉంటుందని ఆ రోజు నాకు తట్టలేదు.

వెళ్ళేటప్పుడు దిగుడు కాబట్టి ఏమీ తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కడం మొదలుపెట్టాం. ఆ రోడ్డు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అప్పట్లో 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 26. మధ్యాహ్నపు ఎండ, రెండో గేరు, వంపు తరవాత వంపు. సగం ఎక్కామో లేదో బానెట్ కిందినుంచి ఆవిరి కొట్టింది. బండి పక్కకు తీసి ఆపాను. కంటికి కట్టుతో ఉన్న అమ్మను ఒక చెట్టు నీడన కూర్చోబెట్టాను. ఆమె “ఏమైందిరా, ఇల్లొచ్చిందా?” అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. కంగారులో బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. అంతలో పైనుంచి దిగుతున్న బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి “ఖొలంతు నాహి, ఖొలంతు నాహి!” అని అరిచాడు. తెరవకండి అని. ఆయన ఆ మాట అనకపోతే నా ముఖం ఏమయ్యేదో.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. రేడియేటర్ మూత నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. ఒత్తిడిలో ఉన్న నీరు నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి నీరు ఒక్కసారి మరిగి ఆవిరితో పాటు పైకి చిమ్ముతుంది. పైగా మనది ఎత్తు ప్రదేశం. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి మూడు వందల మీటర్లకూ నీరు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. అంటే అక్కడ గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కింద మైదానంలో ఏదోలా నెట్టుకొచ్చే బండి మన కొండ ఎక్కేసరికి మొండికేయడానికి ఇదొక కారణం. మైదానంలో చిన్న లోపాన్ని ఇంజిన్ ఓర్చుకుంటుంది, ఘాటు మీద ఓర్చుకోదు.

గంటన్నర ఆగి, బస్సువాళ్ళు ఇచ్చిన నీళ్ళు కొద్దికొద్దిగా పోసుకుంటూ, మధ్య మధ్య ఆగుతూ రాత్రికి ఇల్లు చేరాం. అమ్మ కంటికి ఏ ఇబ్బందీ రాలేదు. అది మా అదృష్టం, నా తెలివి ఏమీ లేదు అందులో.

మర్నాడు జయపురంలో ఒక పెద్ద వయసు మిస్త్రీ దగ్గరికి బండి తీసుకెళ్ళాను. ఆయన తన తండ్రి కాలంలో శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ముందు పై హోస్ పైపు విప్పాడు. రేడియేటర్ పై ట్యాంకులోకి టార్చి వేసి చూసి నన్ను పిలిచాడు. సన్నగొట్టాల మూతుల మీద చింతగింజలంత, కొన్ని అంతకంటే పొడుగ్గా, రబ్బరు ముక్కలు అతుక్కుని ఉన్నాయి. థర్మోస్టాట్ విప్పితే దాని తలుపులో ఇంకో ముక్క ఇరుక్కుని ఉంది. అది పూర్తిగా తెరుచుకోవడం లేదు. “మాష్టారూ, ఇది మీరేనా ఏసింది?” అన్నాడు. ఔనన్నాను. “నీళ్ళు ఎళ్ళే దారికి మీరే అడ్డుకట్ట ఏసారు” అన్నాడు, నవ్వకుండా.

నేను గుర్తుంచుకోమన్న నీటి దారి ఇదే. పంపు దగ్గర లోపలికి పిండుకుపోయిన పేస్టు గట్టిపడి, నీటి తోపుకు తెగి, ఇంజిన్ అంతా తిరిగి థర్మోస్టాట్ దగ్గరో, రేడియేటర్ గొట్టాల మూతి దగ్గరో చిక్కుకుంటుంది. ఆ గొట్టాల లోపలి సందు చాలా సన్నం. వాటి ముందు చింతగింజ పెద్ద బండరాయే.

ఇంకో విచిత్రం కూడా ఉంది. అంత పేస్టు పూసినా ఆ అతుకు దగ్గర తడి ఉండనే ఉంది. పంపు విప్పి చూస్తే ఇంజిన్ దిమ్మ మీద పాత ప్యాకింగ్ కాగితం తునకలు రెండు చోట్ల అంటుకుని ఉన్నాయి. నేను వాటిని సరిగా గీకలేదు. పేస్టు వాటి మీద కూర్చుంది. కింద కాగితం కుళ్ళిపోతే పైన పేస్టు ఏం పట్టుకుంటుంది?

ఆ మిస్త్రీ దగ్గర నేర్చుకున్నదీ, తరవాత పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నదీ ఇప్పుడు చెబుతాను.

కాగితం ప్యాకింగ్ ఉండే పాత పంపులకు అతుకు నిలిచేది ముఖ్యంగా శుభ్రమైన ముఖాల వల్ల. ముఖాలంటే పంపుదీ, ఇంజిన్‌దీ ఎదురెదురుగా కలిసే సమతలాలు. పాత ప్యాకింగును మొద్దు పదునున్న గీకుడు పలకతో ఓపికగా గీకాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టకూడదు. ఇనుప దిమ్మ కొంత ఓర్చుకుంటుంది కాని, తరవాతి తరం బండ్లలో అల్యూమినియం వాడకం ఎక్కువ, దాని మీద ఉలి తగిలితే గాడి పడుతుంది. ఆ గాడిలోంచి నీళ్ళు జీవితాంతం కారతాయి. గీకే ముందు పంపు రంధ్రంలో గుడ్డ కుక్కుకోండి, తునకలు లోపల పడకుండా. తరవాత థిన్నరుతో తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. బీడీ ముట్టించుకునేవారు ఆ కాసేపూ దూరంగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు కదా. పంపు ముఖం వంకర ఉందేమో తెలియడానికి దాన్ని దళసరి అద్దం పలక మీద బోర్లించి చూడండి. ఊగితే వంకరున్నట్టే. అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, దాని మీద పంపు ముఖాన్ని ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ రుద్దితే చిన్న వంకరలు పోతాయి. మరీ ఎక్కువ ఉంటే లేతు మిషను పనే.

ప్యాకింగ్ సంగతి. పంపుతో వచ్చినదే వాడటం అన్నిటికంటే మంచిది. కాని మన జిల్లాల్లో ఆ సౌకర్యం ఎప్పుడూ ఉండేది కాదు. సామాను కావాలంటే విజయనగరమో, విశాఖపట్నమో, బరంపురమో పోవాలి. అందుకే మన మిస్త్రీలు చేత్తో కోసుకోవడం నేర్చుకున్నారు. ప్యాకింగ్ కాగితాన్ని పంపు ముఖం మీద పరిచి, గుండుతల సుత్తితో అంచుల వెంట సన్నగా తడుతూ పోతే కాగితం అచ్చు తెగి వస్తుంది. బోల్టు కన్నాలు కూడా అలాగే. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే ఆ అంచు మీద గట్టిగా కొట్టకూడదు, లోహం చితుకుతుంది. మరో సంగతి, కొందరు పెళ్ళి శుభలేఖ అట్టతో ప్యాకింగ్ కోస్తారు. నూనె ఉండే చోట తాత్కాలికంగా నడుస్తుందేమో కాని నీళ్ళుండే చోట అది నానిపోతుంది. పెళ్ళివారికి కోపం రాకుండా ఉండాలన్నా ఆ పని వద్దు. ఆగుతుందో లేదోనని రెండు ప్యాకింగులు కలిపి వెయ్యడం కూడా తప్పే. కొన్ని పంపుల్లో లోపలి రెక్కల చక్రానికీ ఎదుటి గోడకీ మధ్య సందు లెక్క ప్రకారం ఉంటుంది. ప్యాకింగ్ దళసరి అయితే ఆ సందు పెరిగి పంపు తోపు తగ్గుతుంది.

అసలు ప్రశ్నకు వస్తాను. ముఖాలు శుభ్రంగా, చదునుగా ఉండి, ప్యాకింగ్ కొత్తదైతే పేస్టు అక్కరలేదు. పొడి ప్యాకింగ్ చాలు. బిగించేటప్పుడు కాగితం జారకుండా పంపు వైపు కొంచెం గ్రీజు అద్దితే సరి. ముఖం మీద తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలుంటే మాత్రం పేస్టుకు పని ఉంది. పాత బండ్లకు, అందులోనూ ఏళ్ళ తరబడి ఒట్టి బోరు నీళ్ళు పోసిన బండ్లకు, ఈ గుంటలు మామూలే. అప్పుడు కూడా గట్టిపడని రకం, అంటే ఎప్పుడూ కొంచెం జిగటగా ఉండిపోయే జాయింటు పేస్టు దొరికితే అది మేలు. సిలికాన్ తప్ప దొరకకపోతే అది కూడా పల్చటి పొరగా మాత్రమే.

ఎంత పల్చగా అని నేను ఆ మిస్త్రీని అడిగాను. ఆయన మాట చెప్పకుండా చేసి చూపించాడు. వేలి మీద మినపగింజంత పేస్టు తీసుకున్నాడు. దాన్ని ప్యాంటుకి తుడిచేశాడు. వేలికి మిగిలిన జిడ్డును ప్యాకింగు మీద రుద్దాడు. “ఇది సాలు” అన్నాడు. ఆ ప్యాంటు చూస్తే ఆయన ఎన్ని పంపులు మార్చాడో తెలిసిపోయేది.

సిలికాన్ ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది. అది గట్టిపడే ముందు సబ్బులా జారుతుంది. రెండు వైపులా దట్టంగా రాసి బోల్టు బిగిస్తే మధ్యలో కాగితం పక్కకు జారి, బోల్టు కన్నం దగ్గర చిరుగుతుంది. బయటికి కనిపించదు. ఇంజిన్ వేడెక్కాక కారినప్పుడు తెలుస్తుంది. పైగా సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడే పదార్థం. పైపొర పది నిమిషాల్లో కట్టినా లోపల పూర్తిగా ఆరడానికి దాదాపు ఒక రోజు కావాలి. నూనె, గ్రీజు ఉన్న చోట అది అసలు అంటుకోదు. రాసి, బిగించి, వెంటనే నీళ్ళు పోసి బండి తీసేవారు ఆ పేస్టు మీద పెట్టిన డబ్బు రేడియేటర్లో పోసుకున్నట్టే.

పేస్టు అసలు తగలకూడని చోటు కూడా ఉంది. కొన్ని పంపులకు కాగితం బదులు గాడిలో కూర్చునే రబ్బరు రింగు ఉంటుంది. ఆ రింగు తన గాడిలో కదిలి, నలిగి, ఎదుటి ముఖాన్ని ఒత్తుకోవాలి. గాడి నిండా పేస్టు నింపితే దానికి నలిగే జాగా ఉండదు. అక్కడ కొంచెం నీళ్ళతోనో, కూలెంటుతోనో తడిపి పెట్టడమే. దీనికి ఎదురు రకం కూడా ఉంది. కొన్ని ఇంజిన్లలో తయారు చేసినవారే ప్యాకింగ్ పెట్టకుండా పేస్టు వరసతోనే పంపు కూర్చోబెడతారు. అలాంటి దానికి పుస్తకం చెప్పిన పేస్టు, చెప్పినంత దళసరిలో రాసి తీరాలి. కాబట్టి పాత పంపు విప్పినప్పుడు అతుకులో ఏముందో చూడండి, కాగితమా, రబ్బరా, ఒట్టి పేస్టా. అయితే మీకంటే ముందు విప్పినవారు ఏం చేశారో తెలియదు కాబట్టి, కొత్త పంపు పెట్టెలో ఏం వచ్చిందో కూడా చూసి నిర్ణయించుకోండి.

బోల్టుల విషయం చాలామంది మరిచిపోతారు. కొన్ని ఇంజిన్లలో బోల్టు కన్నం నేరుగా నీటి గదిలోకి తెరుచుకుంటుంది. అలాంటి చోట ప్యాకింగ్ ఎంత బాగున్నా మరల వెంట నీరు పాకి బోల్టు తల దగ్గర బయటికి వస్తుంది. మనమేమో ప్యాకింగును తిడతాం. బోల్టు విప్పగానే కన్నంలోంచి నీళ్ళు వచ్చాయంటే అది ఆ రకమని గుర్తు. ఆ బోల్టు మరలకు పేస్టు తప్పకుండా రాయాలి. నన్నడిగితే పంపు మార్చేటప్పుడు పేస్టుకు నిజమైన చోటు అదే. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు కూడా. విప్పినప్పుడు అట్ట ముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ కన్నం బోల్టు ఆ కన్నం దగ్గర గుచ్చి పెట్టుకుంటే తికమక ఉండదు.

బిగించడం ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా. ఒకే బోల్టును చివరిదాకా బిగించి రెండోదానికి పోతే పంపు ఒక పక్కకు వాలి కాగితం నలుగుతుంది. అంబాసిడర్ పంపు బోల్టులు పెద్దవేమీ కావు, అర అంగుళం స్పానరు పడుతుంది. పొట్టి స్పానరుతో మణికట్టు బలం చాలు, పైపు తొడిగి లాగితే మరలు ఊడివస్తాయి. ఫ్యాన్ బెల్టు మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకంటే బిగువైతే కొత్త పంపు బేరింగుకు మొదటి రోజునుంచే శిక్ష. కొన్ని పాత రకం పంపులకు గ్రీజు పెట్టే చోటు ఉంటుంది. అక్కడ గన్నుతో ఒత్తి నింపకండి, గ్రీజు లోపలి సీలు దాకా పోయి దాన్ని చెడగొడుతుంది.

నీళ్ళు నెమ్మదిగా పొయ్యండి. మూత తీసే ఉంచి, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నిదానంగా తిరగనిస్తే లోపలి గాలి బుడగలు పోయి నీటి మట్టం దిగుతుంది. మళ్ళీ నింపి మూత వెయ్యండి. ఒక పొడి వార్తాపత్రిక బండి కింద పరిచి రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి ఏ బొట్టు ఎక్కడ పడిందో అదే చెబుతుంది. రెండు మూడు రోజులు తిరిగాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బోల్టులు ఒకసారి తడిమి చూడండి. కాగితం కాస్త కుదురుకుని బోల్టు పావు చుట్టు వదులై ఉండవచ్చు. పొలిమేర దాటే ప్రయాణం ఈ పనంతా అయ్యాకే పెట్టుకోండి.

దారిలో రేడియేటర్ కారితే పసుపు వేసే అలవాటు మన డ్రైవర్లకు ఉంది. ఆపదలో ఇల్లు చేరడానికి సరే. చేరాక కడిగించకపోతే అది కూడా నా పేస్టు చేసిన పనే చేస్తుంది. ఇప్పుడు పంపులూ ప్యాకింగులూ పార్సిలులో ఇంటికే వస్తున్నాయి కాబట్టి పాత రోజుల్లోలా సర్దుకోవలసిన పని తగ్గింది. బోరు నీళ్ళు మానేసి, కూలెంటు కలిపిన మంచి నీళ్ళు పోస్తే ముఖాల మీద ఆ గుంటలు పడటమూ తగ్గుతుంది.

నా దగ్గర ఆ అంబాసిడర్ ఇంకా ఉంది. 1994లో ఆ మిస్త్రీ బిగించిన పంపు పన్నెండేళ్ళు పనిచేసింది. ఆ తరవాతి పంపు నేనే మార్చాను, పొడి ప్యాకింగుతో, ఒక్క బోల్టు మరలకు మాత్రం పేస్టు రాసి. థర్మోస్టాట్‌లో ఇరుక్కున్న ఆ రబ్బరు ముక్క ఇప్పటికీ మా ఇంట్లో స్పానర్ల డబ్బాలో ఉంది. మా అబ్బాయి ట్యూబు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా దాన్ని తీసి చూపిస్తుంటాను.